రఘునాథ నాయకుడు ఇచ్చిన చోటు: తంజావూరు నుంచి తరంగంబాడి కోట దాకా

ఇంటికొచ్చి వారం కాలేదు. సంచీ దులిపితే ఇంకా తరంగంబాడి ఇసక రాలుతోంది. చూసింది చూసినట్టు గుర్తున్నప్పుడే రాసేద్దామని కూర్చున్నాను.

మా మేనత్త పుట్టింది మువ్వలో, ఉద్యోగం చేసింది బందర్లో. ముప్పై రెండేళ్ళు హైస్కూలు పిల్లలకి సోషల్ చెప్పింది. ఐరోపావాళ్ళు మన దేశానికి వచ్చిన పాఠంలో పోర్చుగీసువాళ్ళకి రెండు పేజీలుండేవి, ఇంగ్లీషువాళ్ళకీ ఫ్రెంచివాళ్ళకీ పేజీలకి పేజీలు. డేనులకి, అంటే డెన్మార్కువాళ్ళకి, మాత్రం ఒక్క వాక్యం: 1620లో ట్రాంక్విబారులో స్థావరం పెట్టుకున్నారు, 1845లో ఇంగ్లీషువాళ్ళకి అమ్మేశారు. పరీక్షలో ఒక్క మార్కు ప్రశ్న. "ఎన్ని వందలమంది చేత బట్టీ పట్టించానో ఆ వాక్యాన్ని. ఆ ఊరెలా ఉంటుందో నేనే చూడలేదే. ఒక్కసారి తీసుకెళ్ళవే" అంది మొన్న సంక్రాంతికి. అత్తకి అరవై ఎనిమిది. మోకాళ్ళు అంతంతమాత్రం. వచ్చే ఏడాదికి వాయిదా వెయ్యబుద్ధి కాలేదు.

ఆ ట్రాంక్విబారే తరంగంబాడి. తమిళనాడులో మయిలాడుదురై జిల్లా, కారైక్కాల్‌కి కాస్త పైన, సముద్రం ఒడ్డున ఉంటుంది. పాడే అలల ఊరు అని అర్థం చెబుతారు. తరంగం మనకీ తెలిసిన మాటే కాబట్టి ఆ పేరు తెలుగువాళ్ళ నోటికి ఇట్టే పడుతుంది.

ఫిబ్రవరి 6, గురువారం: తంజావూరు

కోట చూసే ముందు కోటకి చోటిచ్చినవాడి ఊరు చూడాలని అత్త పట్టుపట్టింది. అందుకని ముందు తంజావూరులో దిగాం.

పాత బస్టాండు దగ్గర టిఫిన్ చేశాం. అరిటాకు ముక్క మీద నెయ్యి కారే పొంగలి, పక్కన గారె. సాంబారు అడక్కుండానే మూడుసార్లు పోశారు. కాఫీ ఇత్తడి గ్లాసులో, డబరాలో వచ్చింది. అత్త దాన్ని పొడుగ్గా తిరగబోసుకుంటుంటే సర్వరు కుర్రాడు ఆగి చూసి, మెచ్చుకోలుగా తలూపి వెళ్ళాడు. ఇద్దరికీ నూట తొంభై అయింది.

పెద్దగుడిలో దణ్ణం పెట్టుకుని నేరుగా రాజుల కోటకి వెళ్ళాం. అక్కడివాళ్ళు దాన్ని అరణ్మనై అంటారు. నాయకరాజులు మొదలుపెడితే మరాఠాలు పెంచుకుంటూ పోయిన కట్టడం అది. అంతస్తుల మీద అంతస్తులుగా లేచిన గూడగోపురం కింద నిలబడి అత్త చాలాసేపు పైకి చూసింది. "మన రఘునాథ నాయకుడు తిరిగిన చోటే ఇది" అంది.

ఆ 'మన' అన్న మాట ఊరికే రాలేదు. పదిహేడో శతాబ్దం మొదట్లో తంజావూరుని ఏలిన రఘునాథ నాయకుడు తెలుగు కవి. వాల్మీకి చరిత్రము రాశాడు, రామాయణం రాశాడు, వీణ వాయించేవాడు. చేమకూర వేంకటకవి విజయవిలాసం అంకితమిచ్చింది ఈయనకే. చుట్టూ తమిళ దేశం, కొలువులో మాత్రం తెలుగు. ఇదంతా తెలుగు సాహిత్యం చదువుకున్నవాళ్ళకి తెలిసిందే. ఇదే రాజు 1620లో డెన్మార్కు రాజు నాలుగో క్రిస్టియన్‌కి బంగారు రేకు మీద తమిళంలో ఉత్తరం రాయించి పంపాడని, ఆ రేకు ఇవాళ్టికీ కోపెన్‌హాగన్‌లోని ప్రభుత్వ దస్తావేజుల భాండాగారంలో భద్రంగా ఉందని మనలో ఎంతమందికి తెలుసు? సాహిత్యం పుస్తకంలో ఉన్న రఘునాథుడూ సోషల్ పుస్తకంలో ఉన్న ట్రాంక్విబారూ ఒకే కథలోవాళ్ళని నాకు బళ్ళో ఎవరూ కలిపి చెప్పలేదు. అత్త కూడా ఉద్యోగం మానేశాక, తీరిగ్గా చదువుకున్నప్పుడే తెలుసుకుందట.

సరస్వతీ మహల్ ప్రదర్శనశాలలో తాళపత్రాలు, పాత పటాలు చూశాం. నాయకరాజుల నాడు మొదలైన ఈ పుస్తకభాండాగారాన్ని మరాఠా రాజు రెండో శరభోజి పెంచి పెద్దది చేశాడు. ఆ శరభోజికి చదువు చెప్పిన ష్వార్జ్ అనే జర్మన్ మతబోధకుడు 1750లో మన దేశంలో దిగింది కూడా తరంగంబాడిలోనే. ఆ చిన్న రేవు నుంచి తంజావూరు దాకా ఇలాంటి దారాలు చాలా ఉన్నాయి.

మధ్యాహ్నం భోజనం ఒక చిన్న మెస్‌లో చేశాం. మా మాటలు విని యజమానురాలు గల్లాపెట్టె వదిలి వచ్చింది.

"ఆంధ్రావాళ్ళా మీరు? మేమూ తెలుగోళ్ళమే. ఇంట్లో అంతా తెలుగే మాట్లాడుకుంటాము. చదివేదానికి, రాసేదానికి రాదు."

ఎప్పుడొచ్చారమ్మా మీ పెద్దవాళ్ళు అని అత్త అడిగింది.

"తెలీదమ్మా. నాయకరు కాలంలో అని మా తాత చెప్తా ఉన్నాడు."

మజ్జిగ ఆవిడే పోసింది. తిన్నాక ఆకు ఎటు మడవాలో నేను తటపటాయిస్తుంటే, "మీవైపుకి మడిస్తే మళ్ళీ వస్తామని అర్థం" అని నేర్పింది. భోజనం మనిషికి నూట ముప్పై తీసుకుంది, కాఫీకి మాత్రం ఎంత చెప్పినా తీసుకోలేదు.

సాయంత్రం తిరువయ్యారు వెళ్ళి కావేరి ఒడ్డున త్యాగరాజస్వామి సమాధి చూసుకుని, పెసరపప్పుతో చేసే అశోకా హల్వా అరకిలో కట్టించుకున్నాం. వేడిగా తింటే నోట్లో నమలాల్సిన పని ఉండదు.

ఫిబ్రవరి 7, శుక్రవారం: పొరయారు మీదుగా వెనక్కి

కుంభకోణం దాటాక రోడ్డుకి రెండు పక్కలా సాంబా పంట కోతలు. కొన్నిచోట్ల రోడ్డు మీదే వడ్లు ఆరబోశారు, బస్సులు ఒక పక్కకి ఒదిగి పోతున్నాయి. మన కృష్ణా డెల్టాలో చూసే దృశ్యమే. మయిలాడుదురైలో బస్సు మారాం. ఈ ఊరిని పెద్దవాళ్ళు ఇంకా మాయవరం అనే అంటారు. ఒకప్పుడు ఇక్కడి నుంచి తరంగంబాడికి రైలుండేదట, ఆ దారి ఎప్పుడో మూతపడింది.

తిరుక్కడయూర్ దగ్గర బస్సు సగం ఖాళీ అయింది. మార్కండేయుణ్ణి శివుడు యముడి నుంచి కాపాడిన చోటది. షష్టిపూర్తులు చేసుకునే జంటలు పూలదండలతో రోడ్డు మీదే కనిపించారు. వాళ్ళని చూసిన సంతోషంలో ఇద్దరం కబుర్లలో పడ్డాం, ఆ తరవాత కునుకు. కండక్టరు తరంగంబాడి అని అరిచింది వినిపించలేదు. కళ్ళు తెరిచేసరికి పొరయారు.

దిగడం మంచిదే అయింది. బజారులో ఒక గది హోటల్లో ఎసట్లో అన్నం ఉడుకుతున్న వాసన. "సాప్టీంగళా?" అంది పొయ్యి దగ్గర ఉన్నావిడ. భోంచేశారా అని. ఈ వైపు పలకరింపే అది. అత్తకి పప్పుచారు, వేపుడు. నాకు చింతపండు పులుసులో ఉడికిన వంజరం ముక్క, ఎర్రగా వేయించిన నెత్తళ్ళు. పులుసు చిక్కగా, మన పులుసుకన్నా కొబ్బరి ఎక్కువగా ఉంది. ఇద్దరికీ రెండువందల ఇరవై. అక్కడి నుంచి ఆటోకి నూట యాభై అడిగాడు, నూట ఇరవైకి వచ్చాడు.

ఆటో పెద్ద రోడ్డు వదిలి ఊళ్ళోకి తిరగ్గానే ఎదురుగా తెల్లటి ద్వారం. ల్యాండ్‌పోర్టన్ అంటారు. నేలవైపు ద్వారం అన్నమాట. పాతది పాడైతే 1792లో మళ్ళీ కట్టారు. పైన డెన్మార్కు రాజచిహ్నం ఉంది. తలుపులు లేవు. ద్వారం కింద నుంచి స్కూటర్లు, చేపల బుట్టల సైకిళ్ళు పోతున్నాయి. లోపల తిన్నగా సముద్రం దాకా పోయే కింగ్స్ స్ట్రీట్, రెండు పక్కలా పాత ఇళ్ళు, చర్చీలు, బడి. ఆ వీధి చివర కోట.

శుక్రవారం కోటకి సెలవని గేటు దగ్గరే తెలిసింది. అత్త ఒక్క క్షణం డీలాపడి, వెంటనే "బయటి నుంచి చూడ్డానికి సెలవేంటి, పద" అంది. గోడ చుట్టూ నడిచాం. ఇటుక, సున్నం కట్టడం. తేనెరంగు పూత ఎండకి అక్కడక్కడ పాలిపోయింది. కోటకీ నీళ్ళకీ మధ్య పెద్దపెద్ద నల్లరాళ్ళు పేర్చారు. ఒకప్పుడు చుట్టూ కందకం, దాని మీద ఎత్తి దించే వంతెన ఉండేవి. ఇప్పుడు కందకం జాడ కూడా లేదు. అది ఉండాల్సిన చోట పిల్లలు క్రికెట్ ఆడుతున్నారు.

ఆ రాళ్ళ మీద కూర్చునే అత్త నాకు రోలాండ్ క్రాపే కథ చెప్పింది. డేనిష్ ఈస్టిండియా కంపెనీ పుట్టింది 1616లో. రెండేళ్ళకి ఓవే గెడ్డె అనే నావికాధిపతిని సింహళానికి పంపారు. కోపెన్‌హాగన్‌లో ఓడ ఎక్కేనాటికి అతనికి ఇరవై నాలుగు కూడా నిండలేదు. అతనికన్నా ముందు బయల్దేరిన ఓడలో ఉన్నవాడు క్రాపే. ఆ ఓడని 1619లో పోర్చుగీసువాళ్ళు కారైక్కాల్ దగ్గర ముంచేశారు. చంపినవాళ్ళలో ఇద్దరి తలలు నరికి, డేనులకి హెచ్చరికగా ఒడ్డున గుంజలకి గుచ్చి నిలబెట్టారు. క్రాపే మరో పదమూడుమందితో ఈదుకుంటూ ఒడ్డుకి చేరితే, ఇక్కడివాళ్ళు పట్టుకుని తంజావూరు తీసుకెళ్ళి రఘునాథుడి ముందు నిలబెట్టారు. రాజు వాళ్ళని చంపించలేదు, మాట్లాడించాడు. పోర్చుగీసువాళ్ళ పెత్తనం ఒక్కటే సాగకుండా ఇంకొకరు ఉంటే మేలనుకునే ఉంటాడు. అటు సింహళంలో పని కాని గెడ్డె కూడా ఇక్కడికే వచ్చాడు. 1620 నవంబరులో ఒప్పందం కుదిరింది. తరంగంబాడి అనే చేపల పల్లె, దాని మీద పన్నులు వేసుకునే హక్కు, రాతి ఇల్లు కట్టుకునే అనుమతి. బదులుగా ఏటేటా కప్పం.

"చూశావా, యుద్ధం లేదు. తడిబట్టలతో వచ్చినవాడికి ఒక కవి చోటిచ్చాడు" అంది అత్త.

నాకు ఆ మాట వెంటనే మింగుడుపడలేదు. చోటిచ్చింది మరి ఎవరి ఊరు? అప్పటికే ఆ పల్లెలో వలలు ఆరేసుకుంటున్నవాళ్ళని ఎవరైనా అడిగారా? ఆ మాటే అంటే అత్త చాలాసేపు మాట్లాడలేదు. ఎదురుగా ఒక ముసలాయన చిరిగిన వల విప్పుకుని కాలి బొటనవేలికి తగిలించి కుట్టుకుంటున్నాడు.

"అడగలేదు. ఇది కూడా పిల్లలకి చెప్పాల్సింది" అంది చివరికి.

ఫిబ్రవరి 8, శనివారం: డాన్స్‌బోర్గ్ లోపల

తలుపులు తీసే వేళకి గేటు దగ్గరున్నాం. టికెట్టు ఒక కాఫీ ఖరీదు కూడా లేదు. ఊళ్ళోవాళ్ళకి ఇది 'డేనిష్ కోట్టై'. కాగితాల మీద పేరు డాన్స్‌బోర్గ్, డేనుల కోట అని.

లోపలికి అడుగుపెట్టగానే పెద్ద ఆవరణ. మూడు పక్కలా ప్రాకారాన్ని ఆనుకుని గదుల వరస ఉంది. సైనికులు ఉండే కొట్లు, వంటిళ్ళు, సామాను గదులు. పడమర, ఉత్తరం వైపు గదులు చక్కగా నిలబడి ఉన్నాయి, దక్షిణం వైపువి బాగా దెబ్బతిన్నాయి. తూర్పున, సముద్రానికి ఎదురుగా, రెండంతస్తుల అసలు కట్టడం. పైన ఒంటె మూపురాల్లా నాలుగు గుమ్మటాలు.

నేను చూసిన కోటలన్నీ కొండల మీదవి. కొండపల్లి, గోల్కొండ, ఉదయగిరి. ఎక్కుతూ ఎక్కుతూ ఆయాసపడి చేరే కోటలు. ఇక్కడ ఎక్కడానికేమీ లేదు. నేల చదును, ఎదురుగా నీళ్ళు. ఈ కోట కొండనో అడవినో నమ్ముకున్నది కాదు. ఎత్తుకి బదులు గోడల మందాన్నీ ఫిరంగి చూపునీ నమ్ముకుంది. అసలు ఇది గోదాము, దాని చుట్టూ గోడ. మిరియాలు, నూలుబట్టలు కొని, దాచి, ఓడ వచ్చినప్పుడు ఎక్కించాలి. ఓడ రాకపోతే దాచినదాన్ని కాపాడుకోవాలి. గదుల అమరికంతా ఆ లెక్కే చెబుతుంది. కింది అంతస్తు మందుగుండుకీ సరుక్కీ, పై అంతస్తు మనుషులకి. గవర్నరు, పెద్ద వర్తకులు, పాదిరీ, వాళ్ళ ప్రార్థన గది, అన్నీ పైనే. సరుకు మీద నిద్రపోయేవాళ్ళన్నమాట.

కింది గదులన్నీ కమాను కప్పులు. దూలం లేదు, వాసం లేదు. ఇటుకని ఇటుక ఒత్తుకుని వంపు తిరిగి నిలబడింది. మందుగుండు ఉన్నచోట కర్ర తక్కువైతే నిప్పు భయం తక్కువ, ఉప్పుగాలికి పుచ్చిపోయేదీ ఉండదు. బయట ఎండ మాడుస్తుంటే లోపల మట్టికుండలో చెయ్యి పెట్టినంత చల్లన. అత్త గోడకి అరచెయ్యి ఆనించి అలాగే ఉండిపోయింది.

ఒక చీకటి గదిని కాపలాదారు చూపించాడు. "జీగన్‌బాల్గ్ అయ్యా ఇరుంద జైలు" అన్నాడు. 1706లో డెన్మార్కు రాజు పంపగా వచ్చిన జర్మన్ మతబోధకుడు బార్తొలొమ్యూస్ జీగన్‌బాల్గ్ తమిళం నేర్చి, అచ్చుయంత్రం తెప్పించి, తమిళంలో కొత్త నిబంధన అచ్చువేశాడు. కోట అధికారి హాసియస్‌తో పడక 1708 చివర్లో నాలుగు నెలలు ఈ కోటలోనే ఖైదు అనుభవించాడు. రాజు పంపినవాణ్ణి రాజు కోటలోనే బంధించారు. గది వంగి వెళ్ళేంత ఎత్తు. లోపల నిలబడితే అలల చప్పుడు గోడలోంచి వస్తున్నట్టుంటుంది.

పై అంతస్తుకి మెట్లు ఎత్తు. అత్త ఒక్కో మెట్టూ ఆగి ఆగి ఎక్కింది, నేను వెనక చెయ్యి అడ్డం పెట్టుకుని. నడిమి హాల్లో ఒక స్తంభం. నాలుగు వైపుల నుంచీ వచ్చిన కమానులన్నీ దాని మీద వాలాయి. ఆ గదులే ఇప్పుడు మ్యూజియం. పింగాణీ, చైనా తేయాకు జాడీలు, కత్తులు, బాకులు, చిన్న ఫిరంగి గుండ్లు, తిమింగలం ఎముకలు కొన్ని. ఆ మూల ఒప్పందం నకలు ఉంది. అత్త కళ్ళజోడు తుడుచుకుని దాని ముందు నిలబడింది. ఇంటి పత్రం చూసుకునే మనిషిలా ఉంది ఆ నిలబడడం.

అప్పుడే బడిపిల్లలు వచ్చారు. నలభైమంది దాకా, ఒకరి భుజం మీద ఒకరు చెయ్యి వేసుకుని. వాళ్ళ టీచరు తమిళంలో గడగడా చెప్పింది: పదహారు వందల ఇరవై, ఓవే గెడ్డె, రఘునాథ నాయక్కర్, పద్దెనిమిది వందల నలభై ఐదు. అదే ఒక్క వాక్యం! అత్త ఆగలేకపోయింది. తనూ సోషల్ టీచర్నేనని ఇంగ్లీషులో చెప్పుకుని, పిల్లలకి ఒక కథ చెప్పనా అని అడిగింది. ఆ అమ్మాయి ఎంత సంతోషపడిందో. అత్త వచ్చీరాని తమిళంలో, మిగతాది ఇంగ్లీషులో చెబుతుంటే టీచరు పిల్లలకి అందించింది.

ఆ కథ కాంగ్స్‌బాక్కెది. డెన్మార్కులో కంపెనీ దివాళా తీసింది, 1650లో రద్దు చేసేశారు. ఇక్కడున్నవాళ్ళకి ఆ సంగతి తెలియదు. ఓడలు రావడం మానేశాయి. జబ్బులతో కొందరు పోయారు, కొందరు పారిపోయారు. 1655 నాటికి ఈ కోటలో మిగిలిన డేను ఒకే ఒక్కడు, ఎస్కిల్ ఆండర్సన్ కాంగ్స్‌బాక్కె. చదువు రాని సామాన్యుడు. పోర్చుగీసువాళ్ళనీ ఇక్కడివాళ్ళనీ జీతానికి పెట్టుకుని, ఆ జెండా దించకుండా కాపాడాడు. కప్పం కట్టలేదని తంజావూరు సైన్యం మళ్ళీ మళ్ళీ ముట్టడి వేసింది. బంగాళాఖాతంలో ఓడలు పట్టుకుని, ఆ సొమ్ముతో కోట బాగుచేసి, ఊరి చుట్టూ గోడ కట్టించాడు. చివరికి నాయకుడితో రాజీ కుదుర్చుకున్నాడు. దారినపోయే ఇతర దేశాల ఓడలకి అందించిన కబుర్లు ఎప్పటికో డెన్మార్కు చేరాయి. 1669 మేలో ఒక యుద్ధనౌక వచ్చింది. నువ్వే ఇక్కడ అధికారివని రాజు పత్రం తెచ్చింది. ఎన్నో ఏళ్ళ తరవాత సొంత దేశంతో మళ్ళీ సంబంధం కలిసింది.

"ఓడ వచ్చినప్పుడు ఆయన ఏడ్చాడా?" అని ముందువరసలో పిల్ల అడిగింది.

"నాకు తెలీదు తల్లీ. నీకేమనిపిస్తుంది?" అంది అత్త.

ఏడ్చే ఉంటాడని ఆ పిల్ల గట్టిగా చెప్పింది. మిగతావాళ్ళంతా ఔను ఔను అన్నారు.

పిల్లలు వెళ్ళాక ప్రాకారం మీదికి ఎక్కాం. సముద్రం వైపు తిరిగిన ఫిరంగుల పక్కన గాలి చీరచెంగుని నిలవనివ్వడం లేదు. అత్తకి ఇంకో సంగతి చెప్పాలని ఉందని ముఖం చూస్తేనే తెలుస్తోంది.

"ముట్టడి వేసింది ఎవరనుకున్నావు? రఘునాథుడి కొడుకు విజయరాఘవుడు. ఆయనా తెలుగు కవే. మా మువ్వ క్షేత్రయ్య ఎవరి కొలువులో పదాలు పాడాడు? ఆ విజయరాఘవుడి కొలువులోనే. మొన్న మనం చూసిన తంజావూరులో మువ్వగోపాలుడి పదం పాడుతున్న ఆ ఏళ్ళలోనే, ఇక్కడ ఈ గోడ బయట ఆ రాజుగారి సైన్యం, లోపల ఒక్క డేను."

నాకు ఒళ్ళు గగుర్పొడిచింది. తండ్రి ఇచ్చిన చోటుని కొడుకు ముట్టడించాడు. వాళ్ళ మాట తెలుగు. మువ్వ నుంచి బయల్దేరిన పదం ఆ మాట వెంటే ఇంత దూరం వచ్చింది. అత్త సన్నగా ఏదో క్షేత్రయ్య పదం ఎత్తుకుంది. గాలికి సగం వినిపించింది, సగం లేదు.

కోట తరవాతి కథ తొందరగా సాగిపోతుంది. 1784లో గవర్నరు ఎదురుగా ఉన్న బంగళాకి మారాడు. యుద్ధాల రోజుల్లో, 1801లో ఒకసారీ 1808 నుంచి 1815 దాకా ఇంకోసారీ ఇంగ్లీషువాళ్ళు ఊరిని పట్టుకున్నారు. 1845లో బెంగాల్లోని శ్రీరాంపూరుతో కలిపి పన్నెండున్నర లక్షల రూపాయలకి డేనులు అమ్ముకుని వెళ్ళిపోయారు. కొన్నవాళ్ళకి నాగపట్నం లాంటి రేవులుండగా దీని అవసరం లేకపోయింది. స్వాతంత్ర్యం వచ్చాక కోట ప్రభుత్వ బంగళా అయింది. క్యాంపుకొచ్చిన ఉద్యోగులు అందులో బసచేసేవారు. 1978లో రాష్ట్ర పురావస్తుశాఖ చేతికొచ్చింది. ఈ శతాబ్దం మొదట్లో డెన్మార్కులోని తరంగంబాడి అభిమానుల సంఘం కూడా చెయ్యి వేస్తే మరమ్మతులు జరిగాయి.

సాయంత్రం గేటు బయట సుండల్ తిన్నాం, పొట్లం ఇరవై. సెనగలు, పచ్చిమామిడి, కొబ్బరి. అమ్మే ఆవిడ సునామీ సంగతి తనే ఎత్తింది. 2004 డిసెంబరు 26 పొద్దున సముద్రం ముందు వెనక్కిపోయి, తరవాత గోడలా వచ్చిందట. చేతిని నేల నుంచి తన తల పైదాకా ఎత్తి చూపించి, మళ్ళీ కొబ్బరి తురమడంలో పడింది. మేం అడగలేదు, ఆవిడా ఇంకేం చెప్పలేదు. పొట్లాల మీద ఇంకో గుప్పెడు వేసి ఇచ్చింది.

ఫిబ్రవరి 9, ఆదివారం: ఊరు, గుడి, బస్సు

పొద్దున న్యూ జెరూసలేం చర్చిలో ప్రార్థన జరుగుతోంది. గుమ్మం బయట చెప్పులు గుడి దగ్గర వదిలినట్టే వదిలారు. 1718లో జీగన్‌బాల్గ్ కట్టించిన చర్చి అది. మరుసటి ఏడాదే, ముప్పై ఆరేళ్ళకి పోయాడు. సమాధి లోపలే ఉంది. వెనక బల్ల మీద కూర్చుంటే పక్కావిడ పాటల పుస్తకం మా మధ్య తెరిచి పట్టుకుంది. తమిళం చదవడం రాదని చెప్పినా తియ్యలేదు. పాడుతూ వేలితో వరస చూపిస్తూనే ఉంది.

అతను పోయిన 1719లోనే ఇక్కడికి బెంజమిన్ షుల్జ్ అనే ఇంకో జర్మన్ మతబోధకుడు వచ్చాడు. తరవాత మద్రాసు వెళ్ళి తెలుగు నేర్చుకున్నాడు. జర్మనీ తిరిగివెళ్ళాక 1746లో హాలే పట్నంలో తెలుగు అక్షరాలతో పుస్తకాలు అచ్చువేయించాడు. తెలుగులో అచ్చయిన తొలి పుస్తకాలుగా మనం చెప్పుకునేవి అవే. అంటే మన అక్షరం అచ్చెక్కిన దారి కూడా ఈ ఇసక వీధి మీదుగానే పోయింది. ఈ సంగతి నాకు ముందే తెలుసు. కానీ షుల్జ్ ఓడ దిగిన ఒడ్డున నిలబడి తలుచుకోవడం వేరు.

తరవాత మాసిలామణినాథర్ గుడి. కోటకి ఉత్తరంగా, నీళ్ళ అంచున ఉంది. 1306లో మారవర్మ కులశేఖర పాండ్యుడు కట్టించాడు. డేనులు వచ్చేసరికే ఆ గుడికి మూడొందల ఏళ్ళు దాటాయి. ముందరి భాగాన్ని సముద్రం తినేసింది. ఈమధ్య బాగుచేసి రంగులు వేశారు. కొత్త రంగులు నా కంటికి నప్పలేదు. పాత రాయి అలాగే ఉంటే బాగుండేదనిపించింది. అత్త మాత్రం ఒప్పుకోలేదు. దీపం వెలిగే గుడికి రంగు వెయ్యక తప్పుతుందా అంది. పూజారి విభూతి పెట్టి, ఏ ఊరని అడిగాడు. మచిలీపట్నం అంటే, "మసూలా! అక్కడా డేనులు ఉండేవాళ్ళు కదా" అన్నాడు. నిజమే. క్రాపే నాయకత్వంలో 1625లో మన బందర్లోనూ వాళ్ళు వర్తకపు కొట్టు పెట్టారు. అత్త పదినిమిషాలు ఆయన్ని వదల్లేదు. ఆయన సగం తమిళం, ఈవిడ సగం తెలుగు, మధ్యలో తేదీలు మాత్రం ఇద్దరికీ అర్థమయ్యాయి.

గుడి పక్కన బోళ్ళలో చేపలు వేలం వేస్తున్నారు. మంచి సందువాలు వచ్చాయి. ప్రయాణంలో ఉండి కొనలేకపోవడం నాకు ఇప్పటికీ బాధగా ఉంది.

రోడ్డు మీదికి వచ్చేసరికి పదకొండున్నర. కొబ్బరిబోండాం యాభై అన్నాడు, లేత కొబ్బరి గీకి ఇచ్చాడు. కారైక్కాల్ బస్సు వచ్చింది. అత్త కిటికీ పక్కన సర్దుకుని, నోటుబుక్కు తీసి, కోట పటం గీయడం మొదలుపెట్టింది. తూర్పున రెండంతస్తులు, మూడు పక్కలా గదులు, బయట చుక్కల గీతతో పోయిన కందకం. ఆవరణ మధ్యలో చిన్న మనిషి బొమ్మ గీసి దాని కింద కాంగ్స్‌బాక్కె అని రాసింది. గోడ బయట కూడా ఒక మనిషిని గీసింది, ఒళ్ళో వల. ఆ బొమ్మ కింద ఏం రాయాలో తోచక పెన్ను పట్టుకుని ఆలోచిస్తుండగా పొరయారు వచ్చేసింది.